జపాన్ కాపీ బేస్ గిటార్లు: చెక్క ముందు, లోహం వెనక

1960ల చివరి నుంచి 1980ల ఆరంభం దాకా జపాన్‌లో తయారైన బేస్ గిటార్ కాపీల్లో చెక్కపని త్వరగానే కుదురుకుంది. బ్రిడ్జి, ట్యూనర్లు, పికప్‌లు, వాల్యూమ్ కంట్రోళ్లు ఆ స్థాయిని అందుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ ఫ్యాక్టరీలు ఎలా పుట్టాయో చూస్తే కారణం కొంత తెలుస్తుంది. నగానో ప్రాంతంలోని మాత్సుమోటో పట్టణంలో మాత్సుమోకు అనే సంస్థ మొదట కుట్టుమిషన్లకు చెక్క పెట్టెలు చేసేది. అదే పట్టణంలో 1960లో ఫుజిజెన్ గక్కి మొదలైంది. వడ్రంగం వచ్చిన చేతులకు గిటార్ బాడీ చెక్కడం, నెక్ అతికించడం కష్టం కాలేదు. లోహపు సామాను మాత్రం ఎక్కువగా బయటి తయారీదారుల దగ్గర కొనేవారు. ధర తగ్గించాలంటే మొదటి కోత అక్కడే పడేది.

అసలు నమూనాలన్నీ అమెరికావి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను, 1960లో జాజ్ బేస్‌ను తెచ్చాడు. రికెన్‌బ్యాకర్ 4001, గిబ్సన్ ఈబీ వరుస కూడా ఆ కాలానివే. అసలుదనగానే అన్నీ అమరినట్టు కాదు. మొదటి ప్రెసిషన్ బేస్ బ్రిడ్జిపై నాలుగు తీగలకూ రెండే శాడిళ్లు (తీగలు ఆనే దిమ్మెలు) ఉండేవి. దాంతో ఒక్కో తీగ శ్రుతిని విడిగా సరిచేయడానికి వీలుండేది కాదు. తీగకో శాడిల్ 1957లో వచ్చింది. కాపీలు చేసినవారికి దొరికింది అలా ఆరేళ్లు దిద్దుకున్న నమూనా.

1965లో వెంచర్స్ బృందం పర్యటనతో జపాన్‌లో ఎలక్ట్రిక్ గిటార్ మోజు ఒక్కసారిగా రాజుకుంది. అది చల్లారేసరికి అక్కడి ఫ్యాక్టరీల చూపు ఎగుమతులపై పడింది. డాలరుకు 360 యెన్ల స్థిర మారకం 1971 దాకా సాగడంతో జపాన్ సరుకు అమెరికాలో చౌకగా దొరికేది. మరోవైపు 1965లో ఫెండర్ కంపెనీ సీబీఎస్ చేతికి వెళ్లింది. ఆ తర్వాత పనితనం తగ్గిందన్న మాట వాద్యకారుల్లో బలపడింది. ఐబానెజ్, గ్రెకో, ఏరియా పేర్లు పెరిగింది ఈ సందులోనే. వీటితోపాటు దుకాణాలు, దిగుమతిదారులు తమ తమ పేర్లు వేయించుకున్న వాద్యాలు లెక్కలేనన్ని వచ్చాయి. ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఒకే బేస్ హెడ్‌స్టాక్‌పై నాలుగైదు పేర్లతో అమ్ముడుపోవడం మామూలు విషయం. అందుకే పాత కాపీని అంచనా వేసేటప్పుడు హెడ్‌స్టాక్‌పై పేరు కంటే స్క్రూలు విప్పితే కనిపించేదే ఎక్కువ పనికొస్తుంది.

గిటార్‌లో సర్దుకుపోయే లోపాలు బేస్‌లో దాగవు. 34 అంగుళాల పొడవైన స్కేల్‌పై నాలుగు లావు తీగలు కలిసి నెక్‌ను సుమారు 70–80 కిలోల బలంతో లాగుతాయి. తొలినాటి చవక కాపీల్లో ట్యూనర్లు పలుచని రేకుతో చేసినవి. గేర్ పళ్ల మధ్య వదులు ఉండటంతో తీగను బిగించిన కాసేపటికే శ్రుతి దిగిపోయేది. ఫెండర్ బ్రిడ్జి కూడా వంచిన ఉక్కు రేకే, కానీ దానికి తగిన మందం ఉండేది. కాపీల్లో ఆ రేకు పలుచబడింది, శాడిళ్ల మరలు నాసిగా కోసినవి వచ్చాయి. నాలుగుసార్లు తిప్పితే మర పోయేది, లేదా వాయిస్తుండగానే కదిలి ఎత్తు మారిపోయేది. జింకు మిశ్రమంతో పోతపోసిన భాగాలపై క్రోమ్ పూత కొన్నేళ్లకే పొక్కులు లేచి రాలేది. అన్నిటికంటే చిక్కు ట్రస్ రాడ్‌తో వచ్చేది. నెక్ లోపల ఉండే ఈ ఉక్కు కడ్డీ సరిగా పనిచేయకపోతే నెక్ విల్లులా వంగిపోతుంది. అప్పుడు తక్కిన భాగాలు ఎంత మంచివైనా ఉపయోగం లేదు. చాలా కాపీల వెనక నెక్ ప్లేటుపై ‘స్టీల్ అడ్జస్టబుల్ నెక్, మేడ్ ఇన్ జపాన్’ అని గొప్పగా చెక్కి ఉండేది. కొనేవారి మనసులో ఉన్న అనుమానానికి అది ముందస్తు జవాబు కాబోలు.

పికప్‌లలో మోసం అనదగ్గ పనులూ జరిగాయి. హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) కవరు కింద ఒకే కాయిల్ పెట్టి అమ్మిన కాపీలు ఆ కాలంలో కొల్లలు. బయటికి గిబ్సన్‌లా కనిపించేది, లోపల రొద ఆపే రెండో కాయిల్ ఉండేది కాదు. వాల్యూమ్ కంట్రోళ్లకు అమెరికాలో వాడే పెద్ద పొటెన్షియోమీటర్ల బదులు చిన్నవి వేసేవారు. దుమ్ము చేరగానే అవి గరగరలాడేవి. బాడీ కూడా తొలి రోజుల్లో చాలాచోట్ల ప్లైవుడ్డే. అయితే బేస్ విషయంలో పలుచని బ్రిడ్జి, వదులు ట్యూనర్లు చేసినంత చెరుపు ప్లైవుడ్ చేయలేదు.

ఈ వాద్యాలకు ‘లాసూట్’ (దావా) గిటార్లన్న పేరు అంటుకుంది. అసలు దావా ఒక్కటే. గిబ్సన్ యజమాని నార్లిన్ 1977 జూన్‌లో ఐబానెజ్ అమెరికా పంపిణీదారు ఎల్గర్‌పై ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టుకెక్కింది. గొడవ హెడ్‌స్టాక్ ఆకారం గురించి. మరుసటి ఏడాది కోర్టు బయటే రాజీ కుదిరింది. నాణ్యతతో దానికి సంబంధం లేదు. ఐబానెజ్ అప్పటికే తన హెడ్‌స్టాక్‌ను మార్చేసింది కూడా. దావాతో ఏ సంబంధమూ లేని బేస్‌లకు సైతం ఆ పేరు తగిలించి ధర పెంచడం అమ్మేవారి తెలివి.

1970ల రెండో సగానికి పరిస్థితి మారింది. గున్మా ప్రాంతంలోని గోటో ట్యూనర్లు, బ్రిడ్జిలలో ఆరితేరింది. ఐబానెజ్‌కు పికప్‌లు అందించిన మాక్సన్ వాటి కాయిల్ చుట్టడంలో పదును సాధించింది. హమామాట్సులోని టోకాయ్, టోక్యో నుంచి ఫెర్నాండెజ్, గ్రెకో 1950లు, 60ల నాటి అమెరికన్ నమూనాలను స్క్రూతో సహా అనుసరించడం మొదలుపెట్టాయి. అదే కాలంలో అమెరికాలో తయారైన జాజ్ బేస్‌కు నెక్‌ను నాలుగు బోల్టుల బదులు మూడింటితో బిగించారు. ఆ నెక్‌లు కదులుతున్నాయన్న ఫిర్యాదు అప్పటి నుంచీ ఉంది. అసలుదాని కంటే కాపీ మేలన్న మాట వాద్యకారుల నోట పుట్టింది ఈ పోలిక నుంచే. 1982లో ఫెండర్ తానే కాండా షోకాయ్, యమానో గక్కిలతో కలిసి ఫెండర్ జపాన్‌ను స్థాపించి తయారీని ఫుజిజెన్‌కు అప్పగించింది. కాపీ చేసినవారి చేతికే అసలు పేరు వచ్చింది.

ఆ దశ ఎక్కువ కాలం సాగలేదు. 1985 తర్వాత యెన్ విలువ పెరిగి ఎగుమతి గిట్టుబాటు కాలేదు. 1987లో మాత్సుమోకు మూతపడింది, చవక తయారీ కొరియాకు తరలింది. అక్కడి తొలి బేస్‌లలోనూ జింకు పోత బ్రిడ్జిలు, వదులు ట్యూనర్లు మళ్లీ కనిపించాయి.

నేడు ఈ కాపీలను బాగుచేసేవారికి ఎదురయ్యే చిక్కు కొలతలది. అమెరికన్ భాగాలు అంగుళాల్లో, జపాన్‌వి మిల్లీమీటర్లలో ఉంటాయి. స్క్రూ మరలు, పొటెన్షియోమీటర్ కడ్డీలు, ట్యూనర్ రంధ్రాలు చాలాసార్లు ఒకదానికొకటి కుదరవు. మంచి అమెరికన్ బ్రిడ్జి తెచ్చినా చెక్కలో కొత్త రంధ్రాలు వేయాల్సి వస్తుంది, పాతవి బయటికి కనిపిస్తాయి. అందుకని వాయించేవారు ఎక్కువగా జపాన్ భాగాలనే వెతుక్కుంటారు. సేకరణదారులు పాత నాసి ట్యూనర్లను కూడా పారేయకుండా పెట్టెలో దాచి, అమ్మేటప్పుడు బేస్‌తోపాటు ఇస్తారు.