పెంపుడు పాము షాపులో కొనాలా, బ్రీడర్ దగ్గరా? ఢిల్లీలో ముందు అడగాల్సింది కాగితాల గురించి

అమెరికాలోనో, బ్రిటన్‌లోనో పాము పెంచాలనుకునేవారికి ఎవరిని అడిగినా దాదాపు ఒకే సలహా దొరుకుతుంది: పెట్ షాపులో కొనొద్దు, బ్రీడర్ దగ్గర కొనండి. షాపువాడికి ఆ పాము ఎక్కడ పుట్టిందో తెలియదు. బ్రీడర్‌కు దాని తల్లిదండ్రులు, వయసు, ఏ రోజు ఏం తిన్నదీ తెలుసు. అక్కడి పరిస్థితుల్లో ఇది మంచి సలహానే.

ఆ సలహాను ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఉన్నదున్నట్టు పాటిస్తే మాత్రం చిక్కుల్లో పడొచ్చు. ఇక్కడ పాము చట్టబద్ధమైనదా కాదా అన్నది అమ్మినవారిని బట్టి తేలదు. ఆ పాముకు, లేదా దాని పూర్వీకులకు, దేశంలోకి వచ్చిన దారి కాగితం మీద ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

మన పాములకు షాపూ లేదు, బ్రీడరూ లేడు

నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, జనం 'రెండు తలల పాము' అని పిలిచే ఎర్ర మట్టిపాము వంటి దేశీయ పాములను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. షెడ్యూల్ 1లో ఉన్న జీవి విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష, కనీసం 25 వేల రూపాయల జరిమానా ఉంటాయి. పైగా ఇంట్లో అలాంటి జీవి దొరికితే, అది చట్టబద్ధంగానే తన దగ్గరికి వచ్చిందని నిరూపించుకోవాల్సిన భారం దొరికినవారి మీదే పడుతుంది.

2023 నవంబరులో నోయిడా పోలీసులు 9 పాములను స్వాధీనం చేసుకున్నారు. వాటిలో 5 నాగుపాములు, మిగిలినవి ఒక కొండచిలువ, రెండు మట్టిపాములు, ఒక జెర్రిపోతు. ఓ యూట్యూబర్ పేరు వినిపించడంతో ఆ కేసు దేశమంతా మారుమోగింది. పార్టీలు, విషం గురించి జరిగిన చర్చలో ఒక చిన్న సంగతి మరుగున పడింది. విషం ఉన్నా లేకపోయినా ఆ తొమ్మిదింటిలో దేన్నీ సొంతానికి ఉంచుకునే వీలు లేదు. జెర్రిపోతుకు విషమే ఉండదు. అయినా చట్టం దృష్టిలో దాన్ని పట్టి ఉంచడం నేరమే.

రెండు తలల పాము పేరుతో జరిగే మోసాలు తెలుగు పాఠకులకు కొత్త కాదు. దాని తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది, అంతే. ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందన్న ప్రచారంతో లక్షల రూపాయలకు బేరాలు సాగుతుంటాయి. ఆ బేరంలో కొన్నవాడూ నేరస్తుడే.

ఇంకో మెలిక ఉంది. పసుపు, తెలుపు రంగుల్లో మెరిసే అల్బినో బర్మీస్ పైథాన్‌ను 'ఫారిన్ పాము' అని అమ్ముతుంటారు. బర్మీస్ కొండచిలువ మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోనూ సహజంగా ఉంటుంది. రెటిక్యులేటెడ్ పైథాన్ నికోబార్ దీవుల్లో ఉంటుంది. రంగు మారినంత మాత్రాన అవి విదేశీ పాములైపోవు.

షాపులో ఏం దొరుకుతుంది?

ఢిల్లీలో పెంపుడు జీవుల అమ్మకం అనగానే జామా మసీదు దగ్గరి కబూతర్ మార్కెట్ గుర్తొస్తుంది. అక్కడ నడిచేది ప్రధానంగా పావురాలు, పంజరపు పిట్టల వ్యాపారం. 2018 నాటి పెట్ షాప్ నిబంధనల ప్రకారం ప్రతి షాపూ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద రిజిస్టర్ కావాలి. కుక్కలు, పిల్లులు, కుందేళ్లతో పాటు, వేరే ఏ చట్టమూ నిషేధించని జీవులన్నీ ఆ నిబంధనల కిందికి వస్తాయి. అంటే గోడకు వేలాడే రిజిస్ట్రేషన్ పత్రం షాపు నడపడానికి అనుమతి మాత్రమే. లోపల గాజు పెట్టెలో ఉన్న పాముకు అది పుట్టుక పత్రం కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

'లైసెన్స్‌డ్ బ్రీడర్' అంటే?

పాముల బేరం ఇప్పుడు ఎక్కువగా సాగేది ఫోన్లలోనే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో, వాట్సాప్‌లో ధర, డెలివరీకి ఎవరో బైక్ మీద. అమ్మేవాడు తనను తాను బ్రీడర్ అని చెప్పుకుంటాడు. అతని ఇంట్లో ఒక్క గుడ్డైనా పొదిగిందా అన్నది కొనేవాడికి తెలిసే దారి ఉండదు.

ఆ పాముల్లో కొన్ని ఎలా వస్తున్నాయో విమానాశ్రయాల వార్తలు చెబుతాయి. 2023 జులైలో కౌలాలంపూర్ నుంచి తిరుచ్చిలో దిగిన ప్రయాణికుడి ట్రాలీ బ్యాగులో 47 కొండచిలువలు బయటపడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో ముంబైలో 9 బాల్ పైథాన్‌లు, 2 కార్న్ స్నేక్‌లు బిస్కెట్, కేక్ ప్యాకెట్లలో దొరికాయి. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయంలోనూ బ్యాంకాక్ నుంచి వచ్చిన వారి సామాన్లలో బాల్ పైథాన్‌లు, కార్న్ స్నేక్‌లు, మిల్క్ స్నేక్‌లు పట్టుబడ్డాయి. పట్టుబడనివి ఎవరో 'బ్రీడర్' చేతికే చేరతాయి.

2022 సవరణతో వన్యప్రాణి చట్టంలో కొత్త షెడ్యూల్ 4 వచ్చింది. అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ అనుబంధాల్లో ఉన్న విదేశీ జీవులు ఇందులో ఉంటాయి. బాల్ పైథాన్ రెండో అనుబంధంలోది. ఇలాంటి జీవి ఎవరి దగ్గర ఉన్నా రిజిస్టర్ చేయించాలి. దానికి పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చనిపోయినా తెలియజేయాలి. ఈ పని ఎలా చేయాలో చెప్పే నిబంధనలు 2024 ఫిబ్రవరి 28న వచ్చాయి. అప్పటికే జీవి ఉన్నవారికి 6 నెలలు, ఆ తర్వాత పొందేవారికి 30 రోజులు గడువు. దరఖాస్తు పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు వెళ్తుంది.

బ్రీడింగ్‌కు ప్రత్యేక లైసెన్స్ అన్నది మొదటి అనుబంధంలోని జీవులకే. కాబట్టి బాల్ పైథాన్‌లు అమ్ముతూ 'నాది లైసెన్స్‌డ్ ఫామ్' అనేవారిని ఏ లైసెన్స్ అని నిలదీయాలి. చూపించాల్సింది తల్లిదండ్రుల రిజిస్ట్రేషన్, ఈ పిల్ల పుట్టినట్టు ఇచ్చిన సమాచారం, కొనేవారి పేరుకు బదిలీ. ఈ మూడింట్లో ఒకటి లేకపోయినా గొలుసు తెగినట్టే.

కార్న్ స్నేక్, మిల్క్ స్నేక్‌ల సంగతి వేరు. అవి సైటిస్ జాబితాలో లేవు, అందువల్ల షెడ్యూల్ 4 రిజిస్ట్రేషన్ వాటికి వర్తించదు. 'దీనికి పేపర్ అక్కర్లేదు సార్' అని అమ్మేవారు అనేది దీన్ని పట్టుకునే. అది సగం నిజం. సజీవ విదేశీ జీవిని దేశంలోకి తేవాలంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ అనుమతి, జంతు క్వారంటైన్ తప్పవు. బ్యాగులో దాచి తెచ్చిన పాము జాబితాలో లేనంత మాత్రాన దొరబాబు అయిపోదు. పెంచడం కొత్తగా నేర్చుకునేవారికి అన్నిటికంటే సులువైనదిగా పేరున్న కార్న్ స్నేక్‌కే కాగితాల జాడ అన్నిటికంటే పలచగా ఉండటం విచిత్రం.

ఎన్‌సీఆర్ అంటే ఒక ఊరు కాదు

మెట్రో ఎక్కితే గురుగ్రామ్ నుంచి నోయిడాకు ఒకే ప్రయాణం. పాము విషయంలో మాత్రం అది హరియాణా, ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ అనే మూడు పరిధులు. ముగ్గురు వేర్వేరు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్లు. ఫరీదాబాద్‌లో రిజిస్టరైన పామును ఘాజియాబాద్‌లో ఉండేవారు కొంటే చేతితో పాటు రాష్ట్రమూ మారుతుంది, ఆ మార్పు కాగితం మీదికీ ఎక్కాలి. అద్దె ఇళ్లు మారుతూ ఉండే ఉద్యోగులు, విద్యార్థులు దీన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

కాగితాలు సరిగా ఉంటే, అప్పుడు పామును చూడాలి

బ్రీడర్ మేలు అన్న పాత సలహా పనికొచ్చేది ఇక్కడే. 'క్యాప్టివ్' అన్న మాట ఒక్కటే చాలదు. ఘనా, టోగో, బెనిన్ దేశాల్లో అడవి నుంచి గర్భంతో ఉన్న ఆడ బాల్ పైథాన్‌లను పట్టి, గుడ్లు పొదిగించి, పిల్లలను ఎగుమతి చేసే వ్యాపారం దశాబ్దాలుగా ఉంది. ఆ పిల్ల పుట్టింది పెట్టెలోనే, తల్లి మాత్రం అడవిది. నిజంగా తరాల తరబడి పెంచేవాడు తల్లిని, తండ్రిని ఎదురుగా చూపించగలడు.

పాము తింటుండగా చూడటం ముఖ్యం. బాల్ పైథాన్‌లు కారణం తెలియకుండా వారాలు, ఒక్కోసారి నెలలు తిండి మానేస్తాయి. చచ్చిన ఎలుకను తినడం అలవాటైందా, ఎన్నిసార్లు తిన్నది అన్నది రాసిపెట్టి ఉండాలి. తెల్ల టిష్యూ కాగితం మీద పామును పాకించి చూస్తే నల్లటి చుక్కల్లా రాలేవి మైట్స్ అనే రక్తం పీల్చే పురుగులు. నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు శ్వాసకోశ జబ్బుకు గుర్తులు. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడితే తేమ చాలలేదని అర్థం. 'స్పైడర్' రకం బాల్ పైథాన్ చూడటానికి అందంగా ఉంటుంది, కానీ ఆ రంగుతో పాటే తల వణికే నాడీ లోపమూ వస్తుంది. దాన్ని ఎవరూ నయం చేయలేరు.

తర్వాత ఢిల్లీ వాతావరణం. బాల్ పైథాన్‌కు పెట్టెలో ఒక పక్క 31-32 డిగ్రీలు, మరో పక్క 25-27 డిగ్రీలు ఉండాలి. జనవరి రాత్రుల్లో ఢిల్లీ 5 డిగ్రీల కిందికి దిగుతుంది, మే, జూన్‌లలో 45 దాటుతుంది. థర్మోస్టాట్ లేని హీటింగ్ మ్యాట్ పాము పొట్టను కాల్చేస్తుంది. కరెంటు పోతే ఏం చేయాలో పాము రాకముందే తేలాలి. ఇదంతా ఒక్క చలికాలంతో అయిపోదు, బాల్ పైథాన్ 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. సరీసృపాల నుంచి సాల్మొనెల్లా సోకే ప్రమాదం ఉంది కాబట్టి ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి వైద్యులు వద్దనే అంటారు.

ఇప్పటికే కాగితాల్లేని పాము ఇంట్లో ఉన్నవారు చేయకూడనిది ఒకటుంది: రాత్రిపూట యమునా ఒడ్డునో, ఆరావళి పొదల్లోనో వదిలేయడం. బాల్ పైథాన్ ఢిల్లీ చలికి తట్టుకోలేదు. తట్టుకునే జాతి అయితే ఇక్కడి జీవులకు జబ్బులు అంటించవచ్చు. గడువు దాటినా న్యాయవాదిని సంప్రదించి, తాము ఉంటున్న రాష్ట్రపు అటవీ శాఖను ఆశ్రయించడమే మిగిలిన దారి. అలా వెళ్లేటప్పుడు అమ్మినవారితో జరిగిన చాట్‌లు, డబ్బు పంపిన వివరాలు చెరిపేయకుండా ఉంచుకోవాలి.