పాత మాటలు, క్రొత్త మాటలు – ఒకే సువార్త



2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైనప్పటినుండి మన సంఘాల బిడ్డలెందరో అక్కడినుండే పై చదువులకు, ఉద్యోగాలకు విమానమెక్కుతున్నారు. వారి పెట్టెలో తెలుగు బైబిలుతోపాటు ఇంగ్లీషు బైబిలు కూడా ఉంటుంది. తండ్రికి కింగ్ జేమ్స్ అనువాదం అలవాటు, బిడ్డకు ఎన్.ఐ.వి. అలవాటు. రెండూ ప్రక్కప్రక్కన పెట్టి చదివితే మాటలు కలవవు. ఒకచోట వచనమే కనబడదు. "దేవుని వాక్యాన్ని మార్చేశారా?" అని మనస్సు కలవరపడుతుంది. ప్రియ సహోదరీ, సహోదరుడా, నీకు కూడా ఈ సందేహం వచ్చిందా? అయితే చరిత్ర ఏమి చెబుతుందో చూద్దాం.

1604లో ఇంగ్లాండు రాజైన జేమ్స్ ఆజ్ఞతో మొదలై, సుమారు 47 మంది పండితుల కృషితో 1611లో కింగ్ జేమ్స్ బైబిలు వెలువడింది. అది గొప్ప అనువాదం. అయితే నాలుగు వందల ఏండ్లలో ఇంగ్లీషు భాష మారిపోయింది. మొదటి థెస్సలొనీకయులకు 4:15లో 'ప్రివెంట్' అనే మాట ఉంది. నేడు దాని అర్థం 'అడ్డుకొనుట'. ఆనాడు దాని అర్థం 'ముందుగా వెళ్లుట'. మన తెలుగు బైబిలులో 'ముందుగా' అనే ఉంది! మార్కు 10:14లో 'సఫర్' అంటే శ్రమపడుట కాదు, రానిచ్చుట. క్రొత్త అనువాదాలు ఇక్కడ మార్చింది మాటనే, అర్థాన్ని కాదు.

మరొక సంగతి గమనించండి. మొదటి కొరింథీయులకు 13వ అధ్యాయంలో కింగ్ జేమ్స్ 'చారిటీ' అంటుంది. ఈనాటి పాఠకునికి అది దానధర్మంలా వినబడుతుంది. ఎన్.ఐ.వి. 'లవ్' అంటుంది. ఇది క్రొత్త మాటా? కాదు. 1526లో క్రొత్త నిబంధనను ఇంగ్లీషులో అచ్చువేయించి, 1536లో ప్రాణమర్పించిన విలియం టిండేల్ వాడిన మాటే అది. 1881 నాటి సవరణ అనువాదం మరల దానినే తీసుకున్నది. మన తెలుగు బైబిలులో కూడా 'ప్రేమ' అనే ఉంది.

మరి కనబడని వచనం మాటేమిటి? అపొస్తలుల కార్యములు 8:37, నపుంసకుని ఒప్పుకోలు, ఎన్.ఐ.వి.లో అడుగున చిన్న అక్షరాలలో ఉంటుంది. కింగ్ జేమ్స్ పండితులు ఆధారం చేసుకున్న గ్రీకు పాఠం 1516లో ఎరాస్మస్ అచ్చువేసిన గ్రంథం నుండి వచ్చింది. ఆయనకు దొరికిన వ్రాతప్రతులు చాలా తరువాతి కాలానివి. నాలుగవ శతాబ్దపు సినాయి ప్రతి 19వ శతాబ్దంలోగాని పండితులకు దొరకలేదు. అందులో ఆ వచనం లేదు. కాబట్టి దాచిపెట్టడానికి కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడానికే దానిని అడుగున వేశారు. ఆ ఒప్పుకోలు పోయిందా? రోమీయులకు 10:9 తెరవండి. అన్ని అనువాదాలలోను అది నిలిచే ఉంది.

మన తెలుగు బైబిలు కూడా ఒక్కరోజులో రాలేదు. 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తెనిగించసాగారు. 1810 నాటికి ఆ మిషనరీలిద్దరూ కన్నుమూశారు. ఆ సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఆ తరువాత ఎందరో దిద్దారు, సవరించారు. దిద్దుబాటు అవిశ్వాసం కాదు. అది వాక్యంమీద ఉన్న భయభక్తులకు గురుతు.

కాబట్టి తల్లిదండ్రులారా, బిడ్డ చేతిలో ఉన్న బైబిలును చూచి తప్పుపట్టవద్దు. యౌవనస్థులారా, పెద్దల పాత బైబిలును చులకన చేయవద్దు. వారానికి ఒక్కరోజైనా రెండూ తెరచి కలిసి చదవండి. తేడా వచ్చినచోట అడుగున ఉన్న వివరణ చూడండి, మీ కాపరిని అడగండి. దూరదేశంలో ఉన్న బిడ్డతో ఫోనులోనైనా ఆ అధ్యాయం చదవండి.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మా భాషలో నీ వాక్యాన్ని మాకిచ్చినందుకు స్తోత్రము. దానిని గ్రహించి, దాని ప్రకారం జీవించే కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.