నాయన జిగురు డబ్బా

పోయిన ఎండాకాలం నా పాత చొక్కా కాలరొకటి మా నాయన చేతికిచ్చినా. ఆరె మొనతో లేపి చూసినాడు. పై గుడ్డకు లోపల బిరుసు గుడ్డ అంటుకొని ఉంది. మధ్యలో దారం లేదు. సన్నని చుక్కలు మాత్రం కనపడినాయి.

"కుట్టు లేకుండా నిలిచిందే! యాంటిదిరా ఈ బంక?"

"పొడి నాయనా. వేడికి కరుగుతుంది. కంపుండదు."

ఆయన కాలరును ముక్కు దగ్గర పెట్టుకొని చూసినాడు. "మరి ఇది మాకెందుకు రాలేదురా?" అన్నాడు.

నేను సర్కారు బడిలో సోషల్ టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని. రాజుల చరిత్ర నాకు నోటికొచ్చు. నాయన ప్రశ్నకు నా పాఠ్యపుస్తకాల్లో జవాబు లేదు. అందుకే ఇది రాస్తున్నా.

మాది జమ్మలమడుగు పక్క మాదిగపల్లె. మా అబ్బ తోలు పదును చేసేవాడు. సున్నం నీళ్ల లందలో నానబెట్టి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయ వేసి ఊరబెట్టేవాడు. తంగేడు చెక్కలోని టానిన్ తోలులోని ప్రొటీన్‌ను పట్టుకొని కుళ్లనీయదు. ఇది కెమిస్ట్రీ. మా అబ్బ దీన్ని బడికి పోకుండా నేర్చినాడు. చెప్పు పొరలు కదలకుండా చింతగింజల పిండి ఉడికించి పూసేవాడు. చెప్పును నిలబెట్టేది మాత్రం తోలువారు కుట్టే. కపిల బాన, పలుపులు, చెప్పులు అన్నీ ఆయన చేతివే. కూలి, కళ్లంలో కొలిచే మేర. ఆయన కుట్టిన చెప్పులు రెడ్డి కాళ్లకుండేవి. అదే వీధిలో ఆయన చెప్పులు ఆయన చేతిలో ఉండేవి. జిగురు పట్టడాన్ని అంటుకోవడం అంటాం, మైలను కూడా అంటు అనే అంటాం. అబ్బ బంక అందరి చెప్పులకూ అంటింది, అబ్బ మాత్రం ఎవరికీ అంటరాలేదు.

కరెంటు మోటార్లొచ్చి కపిల పోయింది. రబ్బరు చెప్పులొచ్చి మేర పోయింది. మా నాయన ప్రొద్దుటూరు చేరినాడు. బట్టల అంగళ్ల ముందర రోడ్డు పక్కన ఒక గొడుగు, బండ, ఆరె, జిగురు డబ్బా. ఆ జిగురును అందరూ సొల్యూషన్ అంటారు. కృత్రిమ రబ్బరును టాలీన్ లాంటి ద్రావకంలో కరిగిస్తే వచ్చేదే అది. ఎక్కువగా వాడే నియోప్రిన్ రబ్బరును 1930లో అమెరికాలో డుపాంట్ కంపెనీ శాస్త్రజ్ఞులు తయారుచేసినారు. పూసినాక ద్రావకం ఆవిరైపోతేనే అది పట్టుకుంటుంది. ఆవిరి యాడికి పోతుంది? చెప్పు మీద వంగిన మనిషి ముక్కులోకి పోతుంది. నాయనకు మాపటికి తలనొప్పి. తర్వాత కాళ్లూ వేళ్లూ తిమ్మిర్లు. జిగురు వల్లనే అని నేను రుజువు చేయలేను. అయితే చూపించిన ఏ డాక్టరూ "నీ పనేంది?" అని అడగలేదు. ఇది మాత్రం నాకు తెలుసు.

జపాన్‌లో అడిగినారు. 1950ల చివర్లో అక్కడ ఇండ్లల్లో శాండల్స్ అంటించేవాళ్లు రక్తం చెడి చచ్చిపోయినారు. జిగురులోని బెంజీన్ కారణమని తేలింది. 1959లో బెంజీన్ కలిపిన రబ్బరు జిగురును నిషేధించినారు. దాని బదులు హెక్సేన్ కలిపినారు. 1960ల్లో అదే పనివాళ్లకు నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ మొద్దుబారినాయి. తోలుపనితో ముడిపెట్టి వెలేసిన బురాకుమిన్ అనే జనం ఆ దేశంలోనూ ఉన్నారు. చెప్పుల పని అక్కడా ఎవరి ఇండ్లల్లో ఎక్కువగా జరిగిందో మనం ఊహించుకోవచ్చు.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో అయితే 10 మంది, కరెంటు లేకుంటే 20 మంది పనిచేసే చోటును లెక్కలోకి తీసుకుంది. మా నాయన ఒక్కడే. ఆయన ఏ లెక్కలోకీ రాలేదు.

ఇంక కాలరులోని పొడి సంగతి. పాలీఅమైడ్, పాలిస్టర్, పాలిథిలిన్ లాంటి ప్లాస్టిక్కులను ఉప్పుకన్నా మెత్తగా చేస్తారు. గుంతలు చెక్కిన రోలరుతో ఆ పొడిని చుక్కలుగా బిరుసు గుడ్డ మీద దించుతారు. దాన్ని పై గుడ్డతో కలిపి సుమారు 120 నుంచి 160 డిగ్రీల వేడిలో, పది ఇరవై సెకన్లు ఒత్తుతారు. పొడి కరిగి పోగుల్లోకి దిగుతుంది, చల్లారితే బిగుసుకుంటుంది. వేడి చాలకపోతే ఉతికినప్పుడు కాలరు ఉబ్బుతుంది, మించితే జిగురు పైకి తేలుతుంది. బూటు ముందు భాగానికీ మడమకూ బిరుసునిచ్చే ముక్కల్లో కూడా ఇట్లాంటి జిగురే వాడతారు. ద్రావకం లేదు కాబట్టి ఆ ఆవిరి లేదు. దుమ్ము, వేడి ఉంటాయి. వాటికి గాలి, జాగ్రత్త కావాల్సిందే. అయినా డబ్బాకూ దీనికీ పోలిక లేదు.

పులివెందులలో 2020 డిసెంబరులో పాదరక్షల పరిశ్రమకు శంకుస్థాపన జరిగింది. చెప్పుల పని ఇప్పుడు షెడ్డు కిందికి, యూనిఫాం కిందికి వచ్చింది. దాన్ని ఇంక ఎవరూ కులం పని అనరు, టెక్నాలజీ అంటారు. మంచిదే. మా పల్లె పిల్ల ఒకతె, నా దగ్గర చదివింది, ఒక బట్టల యూనిట్లో కాలర్లు అంటించే మెషీను దగ్గర ఉంది. "సార్, పొద్దున్నుంచీ బెల్టు మీద పెడతా, అవతల తీసుకుంటా. అందులో జిగురుందని మీరు చెప్తేనే తెలిసె" అంది. అబ్బకు తంగేడు చెక్క గుణం తెలుసు. ఈ పిల్లకు తన చేతికింద ఏం కరుగుతుందో తెలీదు. వెలి పోవాల్సిందే, దాంతోపాటు పని తెలివి కూడా మన చేతిలోంచి పోతే ఎట్లా?

నాయనా, నీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. పొడి రావాలంటే దాని వెంట మెషీను, కరెంటు, షెడ్డు, పెట్టుబడి రావాల. డబ్బాకు ఇవేమీ అక్కరలేదు, ఒక మనిషి ఊపిరి ఉంటే చాలు. ఆ ఊపిరికి ఎవరూ ఖరీదు కట్టలేదు.

కాబట్టి చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు కెమిస్ట్రీ చదవండి. డబ్బా మీద రాసింది మీ నాయనకు చదివి చెప్పండి. నీళ్లతో చేసే జిగుర్లూ ఉన్నాయి, అవి రోడ్డు పక్క బండ దాకా రావాలని, చెప్పులు కుట్టేవాళ్లకు గాలాడే షెడ్లు కావాలని అడగండి.

ఈసారి మా తొమ్మిదో తరగతి పిల్లలను, ఇంట్లో పెద్దోళ్ల చేతికి ఏ పదార్థం తగులుతుందో రాసుకొని రమ్మన్నా. నాపరాయి దుమ్ము, సిమెంటు, పత్తికి కొట్టే మందు, అద్దకం రంగు అని రాసుకొచ్చినారు. ఒక పిల్లోడు 'సొల్యూషన్' అని రాసి, కింద 'తలనొప్పి' అని రాసినాడు. ఆ కాగితాలు నా బీరువాలో ఉన్నాయి. వచ్చే ఏడు చరిత్ర పాఠం వాటితోనే మొదలుపెడతా.