తీగ ఏ దారిన పోవాలి?

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకోవడానికి తెలుగు జిల్లాల నుంచి ఎందరో యువతీ యువకులు అక్కడి ఇరుకు గదుల్లో దిగుతారు. అర్ధరాత్రి దాటినా ఆ వీధుల్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. మరి ఆ దీపాలకు కరెంటు ఎక్కడిది? ఢిల్లీలోని బదర్‌పూర్ బొగ్గు విద్యుత్ కేంద్రం 2018లో మూతపడింది. గ్యాస్ కేంద్రాలు కొన్ని ఉన్నా వాటి ఉత్పత్తి నగరానికి చాలదు. అందువల్ల విద్యుత్తులో అధిక భాగం వందల కిలోమీటర్ల అవతల నుంచి పొలాలు, నదులు, అడవులు దాటుకుని తీగల మీద రావలసిందే. ఆ తీగ ఏ దారిన రావాలో ఎవరు, ఏ లెక్కన నిర్ణయిస్తారు? జవాబు కోసం 1891 దాకా వెనక్కి వెళదాం.

నాలుగు రాజ్యాలు దాటిన తీగ

ఆ సంవత్సరం జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో విద్యుత్ ప్రదర్శన జరిగింది. నెక్కార్ నది ఒడ్డున లాఫెన్ అనే ఊళ్లో పుట్టిన విద్యుత్తును 175 కిలోమీటర్ల దూరంలోని ప్రదర్శన శాలకు తీసుకురావాలని ఇంజనీరు ఆస్కార్ ఫాన్ మిల్లర్ సంకల్పించాడు. తీగలో నష్టమయ్యే శక్తి, అందులో పారే కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీరు చదువుకున్నారు కదా! అంతే శక్తిని పదిరెట్లు వోల్టేజితో పంపితే కరెంటు పదో వంతుకు తగ్గుతుంది, నష్టం నూరో వంతుకు పడిపోతుంది. అందుకే ఆయన 15,000 వోల్టులు వాడాడు. బయలుదేరిన శక్తిలో దాదాపు 75 శాతం గమ్యం చేరింది.

సాంకేతిక సమస్య తీరింది గాని, దారి సమస్య మిగిలింది. వుర్టెంబర్గ్, బాడెన్, హెస్సె, ప్రష్యా అనే నాలుగు రాజ్యాల నేల మీదుగా తీగ వెళ్లాలి. నాలుగింటి అనుమతీ సంపాదించి, చాలా మేరకు రైలు మార్గం వెంబడే స్తంభాలు నాటారు. రైలు దారి అయితే అప్పటికే చదునుచేసిన నేల, సామాను చేరవేయడం సులువు, కొత్తగా ఎవరి పొలంలోకీ దిగనక్కర లేదు. దారిని ఎంచే పనిలో ఈ సూత్రం నేటికీ పనికివస్తోంది.

కావేరి నుంచి కోలారుకు

పదకొండేళ్ల తర్వాత మన దేశంలోనూ ఇలాంటి ప్రయత్నమే జరిగింది. తెలుగు మాట బాగా వినిపించే కోలారు ప్రాంతంలో బంగారు గనులున్నాయి. లోతుకు పోయేకొద్దీ నీరు తోడడానికి, ఖనిజం పైకి లాగడానికి, రాయి నలగ్గొట్టడానికి అపారమైన శక్తి కావలసి వచ్చింది. ఆవిరి యంత్రాలకు వంటచెరకు, బొగ్గు మోయడం భారమయింది. మైసూరు దివాను కె. శేషాద్రి అయ్యర్ కాలంలో, కావేరి నది శివసముద్రం వద్ద దూకే జలపాతం నుంచి విద్యుత్తు తీసి గనులకు పంపాలన్న పథకం రూపుదిద్దుకుంది. ఇంజనీరు డి లాట్‌బినియర్ దీన్ని నడిపించాడు. 1902 జూన్‌లో సుమారు 147 కిలోమీటర్ల లైనులో కరెంటు ప్రవహించింది. ఆనాటికి ప్రపంచంలోని అతి పొడవైన లైన్లలో అది ఒకటి. శేషాద్రి అయ్యర్ మాత్రం దాన్ని చూడలేదు. 1901లోనే ఆయన మరణించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. విద్యుత్తు ముందు గనులకు వెళ్లింది. బెంగళూరు వీధిదీపాలు వెలిగింది 1905లో, అంటే మూడేళ్ల తర్వాత. తీగ దారిని కొండలూ లోయలే కాక, విద్యుత్తును కొనగలిగేది ఎవరన్నది కూడా నిర్ణయిస్తుంది.

రిహాండ్ నుంచి దాద్రికి

మళ్లీ ఢిల్లీకి వద్దాం. 1990 దశకం మొదట్లో ఉత్తరప్రదేశ్ ఆగ్నేయ మూలనున్న రిహాండ్ నుంచి, ఢిల్లీ పొలిమేరల్లోని దాద్రికి 816 కిలోమీటర్ల లైను సిద్ధమయింది. 500 కిలోవోల్టుల డీసీ విధానంలో 1,500 మెగావాట్లు మోయగల లైను ఇది. అంత దూరం 400 కిలోవోల్టుల ఏసీలో పంపాలంటే ఒక్క లైను చాలదు. ఏసీకి మూడు వాహకాలు కావాలి, డీసీకి రెండు చాలు. అంటే దారి కూడా సన్నబడుతుంది. రెండు చివర్లా ఏసీని డీసీగా, డీసీని ఏసీగా మార్చే ఖరీదైన కేంద్రాలు కట్టాలి. అయినా దూరం ఎక్కువైనప్పుడు అదే లాభం.

పటం మీద గీత, పొలంలో టవరు

దారి ఎంచేవారు ముందుగా పటం మీద రెండు చివరలనూ సరళరేఖతో కలుపుతారు. ఆ తర్వాత ఊళ్లు, అడవులు, చెరువులు, విమానాశ్రయాలు తప్పిస్తూ సాధారణంగా మూడు దారులు గీసి పోలుస్తారు. అయితే ప్రతి మలుపుకూ ఖర్చుంది. తిన్నగా సాగే చోట టవరు ముఖ్యంగా తీగల బరువును, గాలి తాకిడిని మోస్తే చాలు. మలుపు దగ్గర టవరు తీగల లాగుడునూ తట్టుకోవాలి. అందుకు ఉక్కు ఎక్కువ, పునాది పెద్దది.

400 కిలోవోల్టుల లైను కింద సుమారు 46 మీటర్ల వెడల్పు దారి వదలాలి. లెక్క వేయండి, ఒక్క కిలోమీటరుకు 4.6 హెక్టార్లు, అంటే పదకొండు ఎకరాలకు పైనే! ఈ భూమిని ప్రభుత్వం సేకరించదు. భూమి రైతు పేరునే ఉంటుంది, సేద్యమూ చేసుకోవచ్చు. కాని ఇల్లు కట్టరాదు, ఎత్తయిన చెట్లు పెంచరాదు. ఈ అధికారానికి మూలం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షను ద్వారా ఆ అధికారాలను లైన్లు వేసే సంస్థలకు ఇవ్వవచ్చు. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసినప్పుడు కూడా విద్యుత్ లైన్ల కోసం ఆ పాత భాగాన్ని అట్టేపెట్టారు. రైతు అడ్డుచెబితే పని సాగనివ్వమని ఆదేశించగలిగేది జిల్లా మేజిస్ట్రేటు. పరిహారం చాలదంటే తీర్పు చెప్పేది జిల్లా జడ్జి. రాజిందర్ నగర్‌లో నేడు పుస్తకం పట్టిన విద్యార్థి ముందుకు రేపు ఇటువంటి ఫైలే రావచ్చు.

పరిహారం విషయంలో కేంద్రం 2015లో మార్గదర్శకాలిచ్చింది. టవరు నిలిచే స్థలానికి భూమి విలువలో 85 శాతం, తీగ కింది దారికి గరిష్ఠంగా 15 శాతం అన్నది. 2024 జూన్‌లో వీటిని 200 శాతానికి, 30 శాతానికి పెంచింది. వాటిని అమలులో పెట్టవలసింది రాష్ట్రాలు.

బట్టమేక పిట్టకు దారేది?

దారిలో నోరులేని జీవులూ ఉంటాయి. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు పేరు చెప్పగానే గుర్తొచ్చే బట్టమేక పిట్ట నేడు దేశం మొత్తం మీద 150 కూడా లేదని అంచనా. మిగిలినవాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ఎడారిలో ఉన్నాయి. కళ్లు తలకు పక్కలనుండడం వల్ల దానికి ఎదుటి తీగ సరిగా కనబడదు. బరువైన పక్షి కావడంతో చివరి క్షణంలో పక్కకు తప్పుకోలేదు. అదే ఎడారి సౌర విద్యుత్తుకూ పుట్టిల్లు. అక్కడి నుంచి ఢిల్లీ నైరుతి అంచునున్న ఝటికరా సబ్‌స్టేషను దాకా 765 కిలోవోల్టుల మార్గం ఉంది.

ఆ పక్షి తిరిగే విశాల ప్రాంతంలో తీగలను భూమిలో వేయాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వినడానికి తేలికే! కాని భూగర్భ కేబుల్ ఒక పొడవాటి కెపాసిటర్ వంటిది. ఏసీ వోల్టేజి మారిన ప్రతిసారీ దాన్ని నింపి ఖాళీ చేయడానికే కొంత కరెంటు ఖర్చవుతుంది. పొడవు పెరిగేకొద్దీ ఉపయోగపడే కరెంటుకు చోటు తగ్గిపోతుంది. నగరంలో కొద్ది కిలోమీటర్లకు సరిపోయే పద్ధతి ఎడారిలో వందల కిలోమీటర్లకు సరిపోదు. ఖర్చు కూడా అనేక రెట్లు. ఈ వాదనలు విన్న కోర్టు 2024 మార్చిలో తన ఆదేశాన్ని సవరించి, ఎక్కడ పూడ్చాలి, ఎక్కడ మళ్లించాలి అన్నది నిపుణుల కమిటీకి అప్పగించింది.

మీరూ ఒక పని చేయండి. మీ జిల్లా పటం తీసుకుని రెండు మూలలను కలుపుతూ గీత గీయండి. అది ఎన్ని ఊళ్లు, ఎన్ని చెరువులు, ఎంత అడవి దాటుతుందో లెక్కపెట్టండి. ఒక చోట తప్పించడానికి గీతను కాస్త వంచండి. ఆ వంపు ఎవరి పొలంలోకి వెళ్లిందో చూడండి.