మొటిమ మురికి కాదు

మొటిమలకూ చరిత్ర ఉంది. ఏది మురికి, ఎవరు ఎంత కడుక్కోవాలి అని ఎవరెవరో చేసిన నిర్ణయాల చరిత్ర అది. స్త్రీల దేహాల గురించి మనం చాలా రాశాం గానీ, ముఖం కడుక్కోవడం గురించి రాయడం చిన్న విషయమనుకున్నట్టున్నాం.

సబ్బుకు ముందు మన ఇళ్లలో నలుగు ఉంది. వినాయక చవితి కథలో పార్వతి బిడ్డను చేసుకున్నది నలుగుపిండితోనే. పెళ్లికీ పురుడుకీ నలుగురు ఆడవాళ్లు చేరి పెట్టే నలుగులో ఒక సాన్నిహిత్యం ఉంది. అలాగని దాన్ని స్వర్ణయుగం చేయలేను. బరక పిండితో గట్టిగా రుద్దితే మొటిమ చితికి మచ్చ పడుతుంది. పసుపు రాస్తే పిల్ల తెల్లబడుతుందన్న ఆశ కూడా కంపెనీలు కనిపెట్టింది కాదు.

మన దేశానికి లైఫ్‌బాయ్ 1895లో, లక్స్ 1929లో వచ్చాయి. 1941లో లీలా చిట్నీస్ లక్స్ ప్రకటనలో కనిపించిన తొలి భారతీయ తార అయింది. ఎర్రసబ్బు ఆరోగ్యానికి, తెల్లసబ్బు అందానికి అన్న విభజన అలా స్థిరపడింది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చాక అందమంటే తెలుపేనని బాహాటంగా అమ్మారు. ఆ పేరు మారడానికి 2020 దాకా పట్టింది.

ఈలోగా శాస్త్రం మరో మాట చెప్పింది. చర్మం పైపొర కొద్దిగా ఆమ్లగుణం కలిగి ఉంటుందని, అదే దానికి రక్షణ అని 1928లో జర్మనీలో షాడె, మార్కియోనిని వివరించారు. మామూలు సబ్బు క్షారం. దాని పి.హెచ్. 9 నుంచి 10 దాకా ఉంటుంది. సబ్బుబిళ్ల మీద కొవ్వుపదార్థం 76 శాతమని ఉంటే మొదటి రకమే, కానీ అదీ క్షారమే. కడిగాక ముఖం బిగుసుకుపోవడం శుభ్రతకు గుర్తు కాదు, పొర దెబ్బతిన్నదనడానికి గుర్తు.

మొటిమ మురికి వల్ల రాదు. యుక్తవయసులో ఆండ్రోజన్ల ప్రభావంతో తైలగ్రంథులు పెరుగుతాయి, రంధ్రాలు మూసుకుపోతాయి, లోపల వాపు వస్తుంది. ముక్కు మీది నల్లచుక్క నలుపు కూడా దుమ్ము కాదు. గాలి తగిలి మారిన కొవ్వు, మెలనిన్‌ల రంగు అది. మందమర్రి, శ్రీరాంపూర్ గనుల పక్కనున్న మా మంచిర్యాలలో ఈ మాట నమ్మించడం కష్టం. ఇక్కడ నలుపంటే బొగ్గు. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి దిగనివ్వలేదు, 2019లో గానీ సడలించలేదు. గనిలోకి దిగకపోయినా ఆ బట్టల బొగ్గును ఉతికింది వాళ్లే. మగవాడి ఒంటి మసి కష్టానికి గుర్తయితే, ఆడపిల్ల ముఖం మీది చుక్క అశ్రద్ధకు గుర్తయింది.

నేనిక్కడ ఇంటర్ చదివేటప్పుడు మందుల షాపులో చీటీ లేకుండానే మొటిమలకని స్టెరాయిడ్ ట్యూబు ఇచ్చేవారు. వారంలో ముఖం నున్నబడేది. ఆపితే ఎర్రబడి, రెట్టింపు మొటిమలు లేచేవి. పెళ్లిచూపుల భయంతో ఆపలేకపోయిన స్నేహితురాళ్లు నాకున్నారు. 2018 మార్చిలో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని ప్రకటించింది.

అసలు మందులకూ నీడలున్నాయి. మొటిమలపై ట్రెటినాయిన్ పనిచేస్తుందని 1969లో ప్రచురించిన క్లిగ్‌మన్, ఫిలడెల్ఫియా హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల చర్మాల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసినవాడు. వారిలో ఎక్కువమంది నల్లజాతివారు. ఆయన పనిచేసిన విశ్వవిద్యాలయ వైద్యవిభాగం 2021లో క్షమాపణ చెప్పింది. మందు పనిచేస్తుంది, ఆ గాయమూ నిజమే. రెండూ తెలిసే వాడుకుందాం.

తెలిసినంతలో చేయవలసింది కొంచెమే. రోజుకు రెండుసార్లు, సువాసనలు, గరుకు రేణువులు లేని, క్షారం కాని క్లెన్సర్‌తో చేతివేళ్లతో మెల్లగా కడుక్కోవడం. 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌తో మొదలుపెట్టి ఎనిమిది, పన్నెండు వారాలు ఓపిక పట్టడం. గర్భవతులు ట్రెటినాయిన్, అడాపలీన్‌లకు దూరంగా ఉండాలి. ఐసోట్రెటినాయిన్ బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది. నెలసరి తప్పుతూ, ముఖాన వెంట్రుకలు పెరుగుతుంటే అది డాక్టరుకు చెప్పాల్సిన సంగతి, అద్దానికి కాదు.

మన కథల్లో మొటిమలున్న ముఖంతో నిలబడిన నాయికలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆడపిల్ల ముఖాన్ని నిర్మలమనీ స్వచ్ఛమనీ వర్ణించినప్పుడల్లా, మచ్చలున్నామెను ఏమంటున్నామో రాసేవాళ్లం ఒకసారి చూసుకోవాలి.