250 గ్రాముల గీత

వినోదమునకు ఎగురవేయు కెమెరా డ్రోను 250 గ్రాములు మించనిచో నియమములు తక్కువ, మించినచో ఎక్కువ. ఈ గీత ఎట్లు ఏర్పడినది?

ఆకాశమునుండి ఛాయాచిత్రములు తీయుట పాతదే. 1858లో నాదార్ అను ఫ్రెంచివాడు పారిస్ సమీపమున బెలూనునుండి తీసినాడు. 1888లో ఆర్థర్ బట్యూ గాలిపటమునకు కెమెరా కట్టి తీసినాడు.

1981లో అమెరికా విమానయాన శాఖ నమూనా విమానముల ఔత్సాహికులకు 400 అడుగులు మించవద్దని చెప్పినది. అది సలహాయే గాని శాసనము కాదు. డ్రోనులు విరివిగా అమ్ముడుపోసాగిన పిదప సలహా చాలలేదు. ఏ డ్రోనులను నమోదు చేయవలెనో తేల్చుటకు 2015లో ఒక సంఘమును నియమించిరి.

డ్రోను చెడి మనిషి తలపై పడినచో ఏమగును? తాకిడి శక్తి 80 జౌలులైనచో ప్రాణాపాయము కలుగవచ్చునని సంఘమువా రెంచిరి. గాలి అడ్డగించుటవలన, పడు చిన్న డ్రోను వేగము సెకనుకు సుమారు 25 మీటర్లని లెక్కించిరి. గతిజశక్తి ద్రవ్యరాశిని వేగవర్గముచే గుణించిన దానిలో సగము గదా! పావుకిలోకు సుమారు 78 జౌలులు వచ్చును. గీత అక్కడ పడినది.

మన దేశమున నిబంధనలు వచ్చువరకు ప్రభుత్వేతరులు డ్రోనులు ఎగురవేయరాదని 2014లో ప్రకటించిరి. 2018 నిబంధనలలో 250 గ్రాముల వరకు ‘నానో’ తరగతి అయినది. 2021 నియమములు దానికి పైలటు లైసెన్సు అక్కరలేదన్నవి. నిషిద్ధ ప్రాంతములలో మాత్రము అదియు ఎగురరాదు.

వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగును. కావున డ్రోను తేలికయని జనసమూహముపై ఎగురవేయుట తగదు. ఈ లెక్కను విద్యార్థులు తామే చేసి చూడవచ్చును.