కొండల నడుమ డేగ

యారాడ కొండ ఎక్కే దారిలో ఒక మలుపు దగ్గర ఆగి ఉత్తర దిక్కుగా చూస్తే విశాఖ నైసర్గిక స్వరూపమంతా కళ్ళకు కడుతుంది. ఎదుట సింహాచలం కొండల వరుస, కాళ్ళ కింద యారాడ వరుస, నడుమ పల్లపు నేల. ఒకప్పుడు అది ఉప్పునీరు ఎక్కి దిగే చిత్తడి. తూర్పు కొసన ఓడరేవు, దానికి పడమరగా విమానాశ్రయం. ఓడలకు మేలు చేసిన కొండలే విమానాలకు చిక్కు తెచ్చిపెట్టాయని అక్కడ నిలబడినప్పుడల్లా నాకు తోస్తుంది.

డాల్ఫిన్స్ నోస్ కొండ అలల తాకిడిని కాచింది కనుకనే 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ లోపలి రేవులోకి నిశ్చింతగా ప్రవేశించింది. ఓడకు ఇరుకు ద్వారం చాలు. విమానానికి చాలదు. అది సాధారణంగా మూడు డిగ్రీల వాలున దిగుతుంది. ఆ లెక్కన రన్‌వేకి పది కిలోమీటర్ల దూరాన దాని ఎత్తు సుమారు 520 మీటర్లే. దిగడం కుదరక మళ్ళీ పైకి లేవవలసి వస్తే ఎదుటి దిక్కున కూడా ఖాళీ ఉండాలి.

ఈ విమానక్షేత్రం నౌకాదళానిది. పేరు ఐ.ఎన్.ఎస్. డేగ. కొచ్చిలో గరుడ, గోవాలో హంస, అరక్కోణంలో రాజాళి, ఇక్కడ మన తెలుగు డేగ! పక్షుల పేర్లు పెట్టే ఆచారంలో మన మాటకూ చోటు దక్కినందుకు తెలుగు పండితుడిగా నాకు కొంత గర్వమే.

1981లో రోజుకొక్క విమానంతో పౌర రాకపోకలు మొదలయ్యాయి. పాత రన్‌వే 6000 అడుగులది, ఈశాన్య నైరుతి దిక్కులకు సాగేది. 2007 జూన్‌లో ప్రారంభమైన కొత్త రన్‌వే 10,007 అడుగుల పొడవున, దాదాపు తూర్పు పడమరలుగా లోయ వెంట సాగుతుంది. దాని కొసల మీది 10, 28 అంకెలు 100, 280 డిగ్రీల దిశలకు కుదింపులు. పరికరాల సాయంతో దిగే ఏర్పాటు 28కి, అంటే సముద్రం వైపు నుండి వచ్చే విమానానికి. గాలికి ఎదురుగా దిగడం క్షేమం గదా. తూర్పుగాలి బలంగా వీచిననాడు పడమటి నుండి రావాలి. అటు కొండలు!

భూటాన్‌లోని పారో లోయలో ప్రత్యేక అనుమతి పొందిన పైలట్లే, కంటిచూపును నమ్ముకొని దిగుతారు. మన లోయ అంత కఠినమైనది కాదు. కానీ దీనికి నీటి గండం కూడా ఉంది. కొండల మీద కురిసిన వాన ఈ పల్లానికే రావాలి. మేఘాద్రి గెడ్డ పక్కనే. 2012 నవంబరు వానలకు రన్‌వే మునిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను టెర్మినల్ పైకప్పును చీల్చివేస్తే విమానాలు మళ్ళీ తిరగడానికి అయిదు రోజులు పట్టింది.

విశాల మైదానం కోసం భోగాపురాన్ని ఎంచుకొని 2023 మే 3న అక్కడ కొత్త విమానాశ్రయానికి శంకుస్థాపన చేశారు. విశాఖ నుండి సుమారు 45 కిలోమీటర్లు. ఎన్.ఎ.డి. కూడలి దాటి ఆటోలో విమానానికి వెళ్ళడం అలవాటైన మావంటి ముసలివాళ్ళకు ఆ దూరమే పెద్ద కొండ.